నాలుగేళ్లుగా మెట్ల కింద ఉన్న స్ప్లెండర్: ముందు కిక్కు కొట్టడం ఆపండి

అడిగిన ప్రశ్న: "మా నాన్నగారి బండి 2009 హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. 2021లో ఆయన పోయాక తెనాలిలో మా ఇంటి మెట్ల కింద పెట్టేశాం, మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు ట్యాంకులో సగం పెట్రోలు ఉంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. మొన్న సెలవులకు వెళ్లి కిక్కు కొడితే నాలుగైదు సార్లు మామూలుగానే దిగింది, తర్వాత సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇక కదల్లేదు. వీధి చివర మెకానిక్ చూసి ఇంజను పట్టేసింది, హాఫ్ ఇంజన్ (పైభాగం విప్పి బోరు, పిస్టన్, రింగుల పని) చెయ్యాలి, ఎనిమిది వేలవుతుందన్నాడు. ఇంట్లోవాళ్లు పాత ఇనుముకి అమ్మెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

ముందు ఆ కిక్ రాడ్డు మీద నుంచి కాలు తియ్యండి తమ్ముడూ. ఇంకొకళ్లను కూడా ముట్టుకోనివ్వకండి. చీరాలలో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపాను. ఏళ్ల తరబడి మూలన పడున్న బళ్లు ఎన్ని వచ్చాయో లెక్క లేదు. వాటిలో మూలన ఉండటం వల్ల పాడైనవి తక్కువ, లేపిన రోజున పాడైనవి ఎక్కువ. నాలుగేళ్లలో తుప్పు చెయ్యలేని నష్టం నాలుగు గట్టి కిక్కులు చేస్తాయి.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన మూడేళ్లు గోడౌన్లో ఉన్న హీరో హోండా సీడీ 100 బండి తెచ్చాడు. కిక్కు గట్టిగా ఉంది. వయసులో ఉన్నాను, కండ ఉంది, ఇద్దరు కుర్రాళ్లున్నారు. గేరులో వేసి తోయించి టక్కున క్లచ్ వదిలాను. బండి స్టార్టయింది కూడా. సాయంత్రానికి సైలెన్సర్ నుంచి నీలం పొగ. విప్పి చూస్తే పిస్టన్ పై రింగు రెండు ముక్కలై బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, నిలువునా గీసుకుపోయింది. ఒక్క రాత్రి నూనె పోసి వదిలేసి ఉంటే సరిపోయేది. బోరు డబ్బులు నా జేబులోంచే పెట్టుకున్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఇప్పుడు మీ బండి సంగతి. మీరు రాసిన దాంట్లో ఒక ముక్క నాకు బాగా పనికొచ్చింది: నాలుగైదు కిక్కులు మామూలుగా దిగి, తర్వాత ఆగిపోయిందన్నారు. నిజంగా పిస్టన్ పట్టేసిన ఇంజనైతే మొదటి కిక్కుకే రాయిలా ఉంటుంది, అసలు దిగదు. దిగి ఆగిందంటే నాకు రెండు అనుమానాలు. ఒకటి, బోరులో ఒకచోట తుప్పు గీత ఉండి రింగు అక్కడ చిక్కుకుని ఉండొచ్చు. రెండోది, లోపల పెట్రోలు చేరి ఉండొచ్చు. స్ప్లెండర్‌లో సిలిండర్ బుల్లెట్ బండిలా నిటారుగా ఉండదు, ముందుకు పడుకున్నట్టు ఉంటుంది. కార్బరేటర్ దాని పైన కూర్చుంటుంది. కార్బరేటర్లో పెట్రోలును ఆపే చిన్న నీడిల్ వాల్వ్ మొన ఎండి గట్టిపడి, పెట్రోల్ కాక్ తెరిచే ఉంటే, ట్యాంకులో పెట్రోలు బొట్టుబొట్టుగా ఇన్లెట్ వాల్వు దాటి సిలిండర్లోకి దిగుతుంది. గాలిని నొక్కొచ్చు గానీ ద్రవాన్ని నొక్కలేం కదా, పిస్టన్ అక్కడే ఆగిపోతుంది. దాన్ని చూసి పట్టేసిందనుకుని కాలితో బలం పెడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అప్పుడు ఎనిమిది వేలు కాదు, ఇంజను మొత్తం దింపాలి.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. పెట్రోల్ కాక్ మూసెయ్యండి. ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తోమి, సైకిల్ పంపుతో ఊదండి. లేకపోతే ప్లగ్గు తీసిన క్షణంలో ఆ మట్టంతా సిలిండర్లో పడుతుంది. ప్లగ్గు ఊడిరాకపోతే దాని మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. కొంచెం విప్పడం, కొంచెం బిగించడం, మళ్లీ విప్పడం. హెడ్డు అల్యూమినియం, అందులో మర పోతే అదో కొత్త ఖర్చు. ప్లగ్గు వచ్చాక సెంటర్ స్టాండ్ వేసి, నాలుగో గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకు నెమ్మదిగా తిప్పండి. గేరు పడకపోతే చక్రం కొద్దిగా ఆడిస్తూ వెయ్యండి. ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మి చక్రం తేలిగ్గా తిరిగిందంటే మీ ఇంజనుకు ఏ రోగం లేదు, పెట్రోలు తాగి పడుకుంది అంతే. మొహం దూరంగా పెట్టండి. చుట్టుపక్కల దీపం, సిగరెట్టు, అగరుబత్తి ఏవీ ఉండకూడదు.

చక్రం ఇంకా బిగుసుగానే ఉంటే తుప్పు గీత. మెడికల్ షాపులో 10 మి.లీ. సిరంజి కొని, దాని మూతికి సన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించండి. సగం ఇంజనాయిల్, సగం డీజిల్ కలిపి ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి పంపండి. ఇక్కడ కూడా సిలిండర్ పడుకుని ఉందన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి. పోసిన నూనె కింది గోడ మీదే నిలుస్తుంది, పై గోడ ఎండుగానే ఉంటుంది. అందుకే సిరంజిని గట్టిగా నొక్కి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతూ చిమ్మాలి. సన్న గొట్టమున్న స్ప్రే డబ్బా దొరికితే ఇంకా మంచిది. ఒక రాత్రి వదిలెయ్యండి. తెల్లారి చక్రాన్ని వెనక్కీ ముందుకూ వేలెడు వేలెడు ఆడించండి. కదిలితే ఇంకాస్త నూనె, ఇంకో పూట. నేను చూసిన బళ్లలో ఎక్కువ భాగం రెండో రోజుకి వదిలాయి. నాలుగు రోజులు పోసినా కదలని బండే హెడ్డు విప్పాల్సిన బండి. అప్పుడు ఆ మెకానిక్ మాట నిజమని ఒప్పుకుందాం.

ఇంజను తిరిగిందనే అనుకుని ముందుకు వెళ్తున్నాను. ఇప్పుడు పెట్రోలు.

ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన రాదు. పాత పెయింటు డబ్బా వాసనో, పుల్లగా ఏదో వాసనో వస్తుంది. ఆ పెట్రోలు మీద కొత్త పెట్రోలు పోసి "కలిసిపోతుందిలే" అనుకునేవాళ్లు ఉంటారు. కలవదు. పెట్రోల్లో తేలికగా అంటుకునే భాగం ఎప్పుడో ఆవిరైపోయి, మిగిలింది జిగురు. దానికి తోడు మన పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. 2021లో ఇప్పటికన్నా తక్కువ ఉండేది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం కలిపిన ఈ20. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. కార్బరేటర్‌కు పైపు వెళ్లేది ఆ అడుగు నుంచే. తెనాలి గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా సగం ఖాళీ ట్యాంకులో ఆ తేమ పట్టేది ఖాళీగా ఉన్న పై సగానికే. తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

పైపు ఊడదీసి మొత్తం ఒక డబ్బాలోకి వదలండి. మురుగ్గాల్వలో పొయ్యకండి. షెడ్డువాళ్లకిస్తే సామాన్లు కడుక్కోవడానికి వాడుకుంటారు. తర్వాత టార్చి వేసి లోపల చూడండి. గోధుమ రంగు పలుచని పూత ఉంటే కొత్త పెట్రోలు అర లీటరు పోసి రెండు మూడు సార్లు కడిగితే చాలు. పొరలు పొరలుగా రాలుతుంటే ట్యాంకు దించాలి. నేను వాడేది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరికేదే. లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాములు. పెట్రోల్ కాక్, పెట్రోలు ముల్లు చూపించే ఫ్లోట్ తీసేసి, ఆ రంధ్రాలు మూసి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. ట్యాంకు బయట రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. తెల్లారి పారబోసి, వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఈ "వెంటనే" అన్నదే అసలు పని. తడి ఇనుము గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. ఎండలో పెట్టి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో లోపలికి వేడి గాలి కొట్టి, ఆరగానే గ్లాసుడు పెట్రోల్లో చెంచాడు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ల పెట్రోల్లో కలిపే నూనె) కలిపి లోపలంతా తిప్పాలి. ఒకావిడ చింతపండు పులుసు పోసి పెట్టింది. ఇత్తడి బిందె మెరిసినట్టు మెరుస్తుందని అనుకుంది పాపం. తుప్పు కొంత పోయింది గానీ, ఆ పిప్పి వదిలించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక కార్బరేటర్. మూలనపడ్డ బండి బాగా నడవాలంటే ముప్పావు వంతు పని ఇక్కడే. మెకానిక్ "కార్బరేటర్ సర్వీసు చేశాను" అంటాడు. చాలామంది చేసేది కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె విప్పి, పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, మళ్లీ బిగించడం. గిన్నె శుభ్రంగా ఉంటుంది. లోపల స్పీడులో పెట్రోలు అందించే మెయిన్ జెట్ పక్కన, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు అందించే స్లో జెట్ మాత్రం అలాగే ఉంటుంది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పెట్రోలు ఎండి జిగురైతే మొదట మూసుకుపోయేది ఆ రంధ్రమే. అది మూసుకున్న బండి చోక్ వేస్తే స్టార్టవుతుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ పట్టుకుంటే నడుస్తుంది, సిగ్నల్ దగ్గర వదిలితే పోతుంది. దానికి మందు ఐడ్లింగ్ స్క్రూ తిప్పి పెంచడం కాదు.

స్లో జెట్టును సరైన స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి. మెత్తటి ఇత్తడి, గాడి చెరిగితే బయటికి రాదు. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి నానబెట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూడండి. గుండ్రటి చుక్క వెలుగు కనబడాలి. మసగ్గా కనబడినా, ఒకవైపు నొక్కినట్టు కనబడినా ఇంకా పోలేదని అర్థం. గుండుసూది, బట్టలు కుట్టే సూది పెట్టకండి, రంధ్రం పెద్దదైపోతే బండి పెట్రోలు తాగేస్తుంది. సన్న కరెంటు వైరులో ఉండే రాగి పోగు ఒక్కటి తీసి దాంతో పొడవండి. రాగి ఇత్తడి కన్నా మెత్తన, గీత పడదు. అప్పటికీ రాకపోతే కొత్త జెట్టు కొనండి, దాని ధర రెండు టీల కన్నా పెద్ద ఎక్కువేం కాదు. ఐడ్లింగులో గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ విప్పే ముందు దాన్ని మెల్లగా లోపలి దాకా బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అన్నే చుట్లు వదలాలి. దాన్ని గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. జెట్టు పట్టే గొట్టంలో పక్కన ఉండే చిన్న చిన్న రంధ్రాలు కూడా తెరిచి ఉండాలి. స్ప్రే ఒక దార్లో కొడితే ఇంకో దార్లోంచి బయటికి రావడం కళ్లతో చూడాలి. పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవచ్చు, కానీ గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ నీడిల్ వాల్వును మూసే ఫ్లోటు తీసేశాకే. లేకపోతే ఆ గాలికి ఫ్లోటు నొక్కుకుపోతుంది.

ఇక నీడిల్ వాల్వు, గిన్నె రబ్బరు, పెట్రోలు పైపు, కార్బరేటర్‌ను ఇంజనుకు కలిపే చోట ఉండే ఓ-రింగు, ఈ నాలుగూ చూడకుండానే మార్చెయ్యండి. పాత రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, ఈ20 తగిలాక ఉబ్బడమో చీలడమో జరుగుతుంది. స్ప్లెండర్‌లో ఉన్న గొప్పదనం ఇదే. 1994 నుంచి స్ప్లెండర్ ఆ 97.2 సీసీ ఇంజనుతో రోడ్ల మీద ఉంది, ఏ మండల కేంద్రంలో అయినా దీని సామాను దొరుకుతుంది. ఇదే మీరు పాతకాలం ఎజ్డీకో రాజ్‌దూత్‌కో అడిగి ఉంటే జవాబు వేరేగా రాసేవాణ్ని.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవకుండా బండి స్టార్ట్ చెయ్యొద్దు. మెట్ల కింద ఉన్న బండి అన్నారు కాబట్టి చెప్తున్నాను, ఎలుకలకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. సీటు స్పాంజి కొరికి తెచ్చి ఎయిర్ బాక్సులో గూడు కట్టి, పిల్లల్ని పెట్టిన బళ్లు చూశాను. ఫిల్టర్ కాగితం చిరిగితే ఆ చెత్త నేరుగా ఇంజన్లోకి పోతుంది. సీటు కింద వైర్లు కూడా వేలితో తడుముతూ చూడండి. సైలెన్సర్ మూతిలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంటుంది, పుల్లతో గీకెయ్యండి. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం కూడా చూడాలి. బాపట్ల నుంచి ఒక మాస్టారు బండి తెచ్చారు. సరిగ్గా మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ నడుస్తుంది. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు స్పార్క్ ఇచ్చే కాయిల్ మార్చారు, దాన్ని నడిపే సీడీఐ పెట్టె మార్చారు. బండి ఆగినప్పుడు ఒకసారి ట్యాంకు మూత తీసి చూడమన్నాను. "ఉస్" మని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయింది. మూత రంధ్రంలో మట్టి. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. సూది ఒక్కటి చాలింది.

ఇంజనాయిల్ స్టార్ట్ చెయ్యకముందే మార్చాలా, చేశాక మార్చాలా అని రెండు వాదాలున్నాయి. వేడెక్కాక మారిస్తే మడ్డి బాగా దిగుతుందన్నది నిజమే. మీ బండికి మాత్రం ముందే మార్చాలంటాను, ఎందుకంటే పెట్రోలు ఆయిల్లోకి దిగి ఉంటుందన్న అనుమానం ఉంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, మట్టం గీత పైకి వచ్చిందేమో చూడండి. పెట్రోలు కలిసిన ఆయిల్ నీళ్లలా కారుతుంది, అందులో బేరింగులు తిరిగితే అరిగిపోతాయి. 10 డబ్ల్యూ 30, డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని గుర్తు) అని ఉన్నది కొనండి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఈ బళ్లకు 900 మి.లీ. డబ్బాలు వస్తాయి. మొత్తం ఒకేసారి పొయ్యకుండా డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యండి. ఈ ఆయిల్‌ను 300 కిలోమీటర్లకే మళ్లీ మార్చాలి. డబ్బు దండగ అనిపిస్తుంది గానీ, నాలుగేళ్ల తేమా మడ్డీ కడిగేది అదే.

ఆయిల్ పోశాక, ప్లగ్గు ఇంకా బిగించకుండానే, ఇగ్నిషన్ ఆపి ఓ ముప్పై సార్లు మెల్లగా కిక్కు కొట్టండి. లోపల పోసిన నూనె రంధ్రంలోంచి చిమ్ముతుంది, పాత గుడ్డ అడ్డం పెట్టండి. పంపు కొత్త ఆయిల్‌ను పైకి, వాల్వుల్ని తెరిచే కామ్‌షాఫ్ట్ దాకా ఎక్కించడానికి ఈ తతంగం.

బ్యాటరీ నాలుగేళ్ల తర్వాత బతికి ఉండదు. మీటరు పెడితే 12 వోల్టులు చూపించినా లైటు వెయ్యగానే పడిపోతుంది. దాన్ని ఛార్జింగుకి ఇచ్చి రెండు రోజులు పోగొట్టుకునే కన్నా కొత్తది కొనడం మేలు. ప్లగ్గూ కొత్తదే వెయ్యండి. స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఒంటిని సిలిండర్ రెక్కలకు ఆనించండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా. అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది. నీలం రంగు, టిక్ టిక్ మని వినబడాలి. ఎర్రగా నీరసంగా ఉంటే ముందు ప్లగ్ క్యాపు విప్పి, వైరు కొస అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించి చూడండి. కాయిల్ కొనే ముందు ఇది చెయ్యాలి.

ఇప్పుడు స్టార్ట్ చెయ్యొచ్చు. బండిని మెట్ల కింద నుంచి బయటికి తెండి, మూసిన చోట పొగ ప్రాణం తీస్తుంది. కొత్త పెట్రోలు రెండు లీటర్లు. కాక్ తెరిచి రెండు నిమిషాలు ఆగి, కార్బరేటర్ కింద ఓవర్‌ఫ్లో పైపు చూడండి. కారుతుంటే నీడిల్ వాల్వు సరిగా కూర్చోలేదు, ఇక కిక్కు కొట్టకుండా కాక్ మూసి మళ్లీ విప్పాలి. కారకపోతే చోక్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్కు కొట్టండి. ఐదారు కిక్కుల్లో పట్టుకోవాలి. పట్టుకోగానే తెల్లగా, నీలంగా పొగ వీధంతా కమ్ముకుంటుంది. పక్కింటాయన వచ్చి "ఇంజను పోయిందండీ" అంటాడు. మీరు పోసిన నూనే అది. పది నిమిషాలు కాలనివ్వండి. ట్యాపెట్లు టకటక లాడతాయి, ఒక నిమిషంలో తగ్గాలి. సంతోషం కొద్దీ రైజ్ చెయ్యకండి, నెమ్మదిగా వేడెక్కనివ్వండి.

స్టార్టవడం వేరు, బాగా నడవడం వేరు. కాగితాలు సరిచేసుకున్నాక (ఆ సంగతి కింద చెప్తాను) మొదటి యాభై కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పండి, గుంటూరు రోడ్డెక్కకండి. చోక్ తీస్తే ఆగిపోతుంటే స్లో జెట్టు ఇంకా శుభ్రం కాలేదు, లేదా ఇంజనుకూ కార్బరేటర్‌కూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. ఐడ్లింగులో ఉండగా ఆ జాయింటు చుట్టూ సబ్బు నీళ్లు చిలకరించండి. ఇంజను శబ్దం మారితే గాలి పీలుస్తున్నది అక్కడే. ఐడ్లింగ్ బాగుండి, స్పీడులో ఎత్తుకోకపోతే మెయిన్ జెట్టో, పెట్రోల్ కాక్ జల్లెడో, ట్యాంకు మూతో. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ "టప్ టప్" మంటే ఎయిర్ స్క్రూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పి చూడండి. ఇంజను వేడెక్కాకే, ఒక్కోసారి పావు చుట్టే. ఇవన్నీ సరిగ్గా ఉండి, చల్లారాక కిక్కు తేలిగ్గా దిగిపోతుంటే, బలం చాలకపోతే అప్పుడు ట్యాపెట్ల గ్యాపు చూపించండి. తేమకు వాల్వు సీటు మీద తుప్పు చుక్క పడి కంప్రెషన్ కారడం కూడా ఉంటుంది. చాలాసార్లు రెండు వందల కిలోమీటర్లు నడిచేసరికి అదే సర్దుకుంటుంది.

నీలం పొగ ఒక్కటే తేడా విషయం. మూడు వందల కిలోమీటర్లు తిరిగాక కూడా రోజూ పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి, అది చిన్న పని. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తుంటే రింగులు. అప్పుడు హాఫ్ ఇంజన్ గురించి మాట్లాడండి, ఇప్పుడు కాదు. ఆ మెకానిక్ మోసగాడనను. రోజుకి పది బళ్లు చూసేవాడికి నూనె పోసి రెండు రోజులు ఆగడం గిట్టదు, విప్పడమే గిడుతుంది.

క్లచ్ పట్టినా బండి గేరులో ముందుకు దూకితే భయపడకండి, ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంజను వేడెక్కాక ఆపేసి, మూడో గేరులో పెట్టి, క్లచ్ లివర్ నొక్కి పట్టి బండిని ముందుకూ వెనక్కీ ఊపండి. "టక్" మని విడిపోతాయి. రాకపోతే లివర్‌ను హ్యాండిల్‌కు తాడుతో కట్టి ఒక రాత్రి ఉంచండి.

ఇంజను మీద ఇంత రాశాను గానీ మిమ్మల్ని ఇంటికి క్షేమంగా చేర్చేవి బ్రేకులూ టైర్లూ. రెండు డ్రమ్ములూ విప్పించండి. లోపల తుప్పు పొడి దులిపి, బ్రేకు షూలకు గరుకు కాగితం పెట్టి, వాటిని తెరిచే కామ్ దగ్గర కొంచెం గ్రీజు రాయించండి. గ్రీజు షూల మీద పడకూడదు. కేబుళ్లు గరగరమంటే నూనె పొయ్యడం మానేసి కొత్తవి వెయ్యండి. టైర్ల పక్క గోడ మీద ఒక గీసిన గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1416 అంటే 2016లో 14వ వారం తయారైనది. బటన్లు ఎంత లోతుగా ఉన్నా సరే, మీ నాన్నగారు వేయించినవైతే పారెయ్యండి. నాలుగేళ్లు ఒకేచోట బరువు మోసిన రబ్బరు లోపల చీలి ఉంటుంది, ట్యూబు వాల్వు మొదట్లో తెగుతుంది. ముందుది తెగితే ఎనభై స్పీడు అక్కర్లేదు, నలభైలోనే పడేస్తుంది. రెండు టైర్లూ ట్యూబులూ నాలుగు వేలకు అటూ ఇటూ అవుతాయి. ఆ హాఫ్ ఇంజన్ డబ్బుల్లో సగం ఇక్కడ పెట్టండి. ఒక్కరే వెళ్లేటప్పుడు గాలి ముందు 25, వెనక 28 పీఎస్ఐ.

కాగితాల సంగతి మర్చిపోవద్దు. 2009 బండికి పదిహేనేళ్లు 2024లోనే నిండాయి. ఆర్సీ గడువు తీరిన బండిని రోడ్డు మీదికి తేకూడదు. ఫారం 25తో రెన్యువల్‌కు పెట్టాలి, చేస్తే ఐదేళ్లకు ఇస్తారు. అంతకన్నా ముందు, బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందేమో చూసుకోండి. ఉంటే వారసుల పేరుకి మార్పించాలి, అది ఫారం 31. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కొత్తగా తీసుకోవాలి. నా సలహా, బండిని ముందు ఇంటి ముందే స్టార్ట్ చేసి చూసుకుని, నడుస్తుందని తేలాకే ఈ ఖర్చు పెట్టండి.

పాత ఇనుముకి అమ్మాలా అన్నారు. తూకానికి మీకు వచ్చేది ఎంతో కొంత, ఆ సంగతి ఇంట్లోవాళ్లకే వదిలేస్తాను. బండిని లేపి మళ్లీ హైదరాబాద్ వెళ్లిపోయి మెట్ల కిందే పెట్టేలా ఉంటే మాత్రం ఇంకో రెండు మాటలు. ఊళ్లో ఎవరైనా వారానికోసారి పది కిలోమీటర్లు నిజంగా నడిపేవాళ్లుంటేనే తాళం ఇవ్వండి. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్లో నీళ్లు నిలిచి లోపల నుంచి తినేస్తాయి. నడిపేవాళ్లు లేకపోతే పెట్రోల్ కాక్ మూసి, బండి దానంతటది ఆగిపోయేదాకా నడవనిచ్చి, కార్బరేటర్ గిన్నె అడుగున ఉండే స్క్రూ విప్పి మిగిలిన చుక్క కూడా వదిలెయ్యండి. బ్యాటరీ వైరు ఊడదీసి, సెంటర్ స్టాండ్ వేసి, సైలెన్సర్ మూతిలో గుడ్డ కుక్కండి. స్టార్ట్ చేసే ముందు ఆ గుడ్డ తియ్యాలని ట్యాంకు మీద కాగితం అంటించండి, మా కుర్రాడు ఒకడు మర్చిపోయి గంటసేపు కిక్కు కొట్టాడు.

ప్లగ్గు తీశాక లోపల పెట్రోలు చిమ్మిందో, నూనె పొయ్యాల్సి వచ్చిందో రాయండి.